గడప దాకా తీగ, గదిలో గాలి

కరెంటు స్తంభాలెక్కి ఇంటర్నెట్ పల్లెకొచ్చిన రాష్ట్రం మనది. నేల తవ్వి కేబుల్ పరిస్తే డబ్బూ కాలమూ రెండూ ఎక్కువవుతాయని, 2015లో ఏర్పడిన ఏపీ ఫైబర్‌నెట్ సంస్థ అప్పటికే ఉన్న స్తంభాలకు సుమారు 24 వేల కిలోమీటర్ల ఫైబర్ కట్టుకుంటూ పోయింది. 2017 డిసెంబరు 27న నాటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ దాన్ని ప్రారంభించారు. నెలకు 149 రూపాయలకు టీవీ, ఫోను, 15 ఎంబీపీఎస్ నెట్ అన్నది అప్పట్లో పెద్ద వార్త. ఆ తర్వాత ప్రైవేటు కంపెనీలూ దిగాయి. ఇప్పుడు పెదనందిపాడు, పర్చూరు వైపు ఊళ్లలో వంద ఎంబీపీఎస్ ప్లాను అంటే ఎవరూ ఆశ్చర్యపోరు.

చిక్కు గడప దాటాక మొదలవుతుంది.

మిర్చికి మంచి రేటు పలికిన ఏడు కట్టిన డాబా ఒకటి ఊహించుకోండి. కింద హాలు, వంటిల్లు, రెండు పడకగదులు. పైన హైదరాబాద్ కంపెనీకి ఇంటి నుంచే పనిచేసే కోడలి గది. పెరట్లో రేకుల షెడ్డు, అందులో మిర్చి టిక్కీలు. పక్కనే కల్లం, ఆరబోసిన కాయ మీద కాపలాకు ఒక కెమెరా. కేబుల్ అబ్బాయి హాల్లో టీవీ పక్కన తెల్ల డబ్బా బిగించి, ఫోన్లో స్పీడు చూపించి వెళ్లిపోతాడు. అక్కడ పరుగులు పెట్టిన నెట్ మేడమీది గదికి చేరేసరికి చతికిలబడుతుంది. డాలస్‌లో ఉన్న మనవడి ముఖం చూడాలంటే తాతగారు మెట్ల మీద కూర్చోవాలి. కోపమంతా కంపెనీ మీదికి పోతుంది గానీ, చాలాసార్లు దోషం గోడలది.

ఇళ్లలో వైఫై ఎక్కువగా రెండు పౌనఃపున్యాల మీద నడుస్తుంది. 2.4 గిగాహెర్ట్జ్ తరంగం నిదానమే, అయినా గోడలను కొంతవరకు దాటుతుంది. 5 గిగాహెర్ట్జ్‌కు వేగం ఎక్కువ, ఓపిక తక్కువ. మన డాబాల్లో తొమ్మిదంగుళాల ఇటుక గోడలు, ఇనుప చువ్వలు అల్లి పోసిన స్లాబు, పైన నీళ్ల ట్యాంకు. రేకుల షెడ్డయితే తరంగాన్ని వెనక్కే కొడుతుంది. అమెరికా ఇళ్లలో చాలా భాగం చెక్క చట్రాలకు జిప్సం పలకలు కొట్టి కట్టినవి. అక్కడివాళ్ల వీడియోలు చూసి, 'ఇంత విస్తీర్ణానికి ఒక్కటి చాలు' అని అట్టపెట్టె మీద రాసిన మాట నమ్మి కొంటే ఇక్కడ నిరాశే.

చాలామంది మొదట కొనేది ప్లగ్గుకు గుచ్చే రిపీటర్. మేడమెట్ల దగ్గర పెడితే ఫోనులో సిగ్నల్ గీతలు నిండుగా కనిపిస్తాయి, పని మాత్రం జరగదు. ఆ గీతలు చెప్పేది ఫోనుకూ రిపీటర్‌కూ మధ్య సంగతే. రిపీటర్‌కు అందుతున్నదే అరకొర అయితే అది పంచేదీ అరకొరే.

మెష్ ఇంతకన్నా తెలివైన ఏర్పాటు. 2016లో అమెరికాలో ఈరో అనే కంపెనీ ఇళ్లకోసం దీన్ని బజారుకు తెచ్చాక మిగతావాళ్లూ అందుకున్నారు. రెండు మూడు యూనిట్లు ఒకే పేరు, ఒకే పాస్‌వర్డ్‌తో ఇల్లంతా కమ్ముకుంటాయి. మనిషి నడుస్తుంటే ఫోను ఒక యూనిట్‌ను వదిలి ఇంకోదాన్ని పట్టుకుంటుంది. కానీ ఆ యూనిట్లు తమలో తాము మాట్లాడుకునేదీ గాలిలోనే అయితే పాత జబ్బు మళ్లీ వస్తుంది. రెండే బ్యాండ్లున్న చవక రకాల్లో ఒకే రేడియో ఇటు ఫోనుతోనూ అటు తోటి యూనిట్‌తోనూ వంతులవారీగా మాట్లాడాలి గనుక, ఒక్కో మజిలీకి వేగం దాదాపు సగానికి పడుతుంది. పైగా మధ్యలో ఆ స్లాబు ఉండనే ఉంది.

మందు పాతదే: యూనిట్లను లాన్ వైరుతో కలపడం. దుకాణాల్లో వైర్డ్ బ్యాక్‌హాల్ అంటారు. సెల్‌టవర్లలో చాలావాటి పద్ధతీ ఇదే. టవర్ నుంచి ఫోనుకు గాలి, టవర్ వెనక ఫైబర్. ఇంట్లో క్యాట్ 6 వైరు వంద మీటర్ల దాకా గిగాబిట్ వేగాన్ని తరుగు లేకుండా మోస్తుంది. మేడమీది యూనిట్‌కు హాల్లో ఉన్నంత వేగమే అందుతుంది, గాలి ఆ గది మేరకే పనిచేస్తే చాలు. చరిత్రలో ఒక తమాషా ఉంది. 1971లో హవాయి విశ్వవిద్యాలయం దీవుల మధ్య కంప్యూటర్లను రేడియోతో కలిపి అలోహానెట్ నడిపింది. రెండేళ్ల తర్వాత జెరాక్స్ పరిశోధన కేంద్రంలో బాబ్ మెట్‌కాఫ్ ఆ ఆలోచననే కేబుల్లోకి తెచ్చి ఈథర్నెట్‌కు రూపమిచ్చారు. నేటి లాన్ వైరు దాని వారసత్వమే.

వైరు కొనేటప్పుడే మోసం పొంచి ఉంటుంది. చవక చుట్టల్లో కొన్ని అచ్చమైన రాగి కావు, రాగి పూత పూసిన అల్యూమినియం. తీగను బ్లేడుతో గీకితే లోపల తెల్లగా బయటపడుతుంది. వంపుల్లో అది తేలిగ్గా విరుగుతుంది. వైరులోని ఎనిమిది తీగల్లో ఒకటి తెగినా వేగం వెయ్యి నుంచి వందకు జారిపోవచ్చు, నెట్ మాత్రం వస్తూనే ఉంటుంది. అందుకే ఆ లోపం ఏళ్ల తరబడి ఎవరి కంటా పడదు. కెమెరాల కోసం ఎప్పుడో బిగించిన పాత వంద ఎంబీపీఎస్ స్విచ్‌ను మధ్యలో పెట్టినా ఇదే కథ.

ఇల్లు కడుతున్నవాళ్లు స్లాబు పోసేలోపు ఒక పైపు అదనంగా వేయించుకోవడం మేలు. కరెంటు పైపులోనే లాన్ వైరు దూర్చకూడదు. ప్రమాదం, పైగా సిగ్నల్‌కు ఆటంకం. కట్టేసిన ఇంట్లో ఇప్పుడు వాడని పాత టీవీ కేబుల్ ఉన్న పైపు ఉందేమో చూడాలి. ఆ కేబుల్‌కే లాన్ వైరు కట్టి అవతలి నుంచి లాగితే గోడకు గాడి కొట్టే బాధ తప్పుతుంది.

అసలు పరీక్ష షెడ్డు దగ్గరుంది. గుంటూరు, ప్రకాశం మైదానాల్లో పత్తిని పోషించే నల్లరేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది. అందులో పాతిన పీవీసీ పైపు అతుకులు నాలుగేళ్లు తిరిగేసరికి ఊడిపోయినా వింత లేదు. పొలానికి నీళ్లు పారించే అతుకుల్లేని నల్ల హెచ్‌డీపీఈ పైపే ఇక్కడా నయం. పైనుంచి లాగుదామంటే గాలివానల భయం. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను తీరం దాటింది బాపట్ల దగ్గరే.

ఇక పిడుగులు. 2018 ఏప్రిల్‌లో ఒక రోజు పదమూడు గంటల్లో రాష్ట్రంలో 36,749 పిడుగులు నమోదయ్యాయి. ఇంటికీ షెడ్డుకూ మధ్య రాగి వైరు లాగితే, దగ్గర్లో పిడుగు పడ్డప్పుడు ఆ పోటు రెండు చివరలున్న పెట్టెలనూ మాడ్చేయగలదు. ఫైబర్‌లో నడిచేది కాంతి గనుక ఆ బెడద లేదు, కాకపోతే లోపల ఆధారానికి ఇనుప తీగ లేని రకం అడిగి తీసుకోవాలి. రెండు చివరలా మీడియా కన్వర్టర్ అనే చిన్న పెట్టెలు పెడితే కాంతి మళ్లీ లాన్ వైరులోకి దిగుతుంది. షెడ్డు రేకులది కాబట్టి యూనిట్ లోపల ఒకటి ఉండాల్సిందే. కల్లం మీది కెమెరాకు విడిగా వైరు వేస్తే ఇంకా నయం.

బిగించే వరుస తప్పితే ఇంత ఖర్చూ వృథా. యూనిట్లన్నీ ముందు హాల్లోనే పక్కపక్కన పెట్టి, మొబైల్ యాప్‌తో ఒకదానికొకటి పరిచయం చేయించాలి. ఆ తర్వాతే వాటిని గదులకు పంపి వైరు గుచ్చాలి. కంపెనీ పెట్టె నుంచి వైరు మొదట ప్రధాన యూనిట్‌కు, అక్కడి నుంచి స్విచ్‌కు, స్విచ్ నుంచి మిగతావాటికి వెళ్లాలి. తొందరలో కొందరు స్విచ్‌నే నేరుగా కంపెనీ పెట్టెకు తగిలిస్తారు. అప్పుడు కొన్ని రకాల మెష్‌లు అయోమయంలో పడతాయి. ఇంకో మెలిక: కంపెనీ పెట్టె కూడా రౌటరే, ప్రధాన యూనిట్ కూడా రౌటరే. రెండూ పెత్తనం చేస్తే, ఒకదాని కింద ఉన్న కెమెరా రికార్డర్ ఇంకోదాని కింద ఉన్న ఫోనుకు కనిపించకపోవచ్చు. మెష్‌ను యాక్సెస్ పాయింట్ పద్ధతిలో పెట్టి, కంపెనీ పెట్టెలోని వైఫైని ఆపేస్తే గొడవ ఉండదు.

కరెంటు పోయినప్పటి సంగతి కూడా ముందే చూసుకోవాలి. హాల్లో ప్లగ్గుకు ఇన్వర్టర్ లైను ఉన్నా మేడమీది గదిలో ప్లగ్గుకు చాలా ఇళ్లలో ఉండదు. హాలు వెలుగుతూ ఉంటుంది, పైన మీటింగు మధ్యలో కోడలు మాయమవుతుంది. లాన్ వైరులోనే కరెంటు కూడా పంపే పీఓఈ స్విచ్, దానికి తగిన యూనిట్లు కొంటే ఒక్క హాలు ప్లగ్గుతోనే వైరు వెళ్లిన గదులన్నీ నడుస్తాయి. ఖర్చు కొంత ఎక్కువే. నెట్ మీద జీతం ఆధారపడిన ఇంటికి మాత్రం అది దండగ ఖర్చు కాదు.