చెస్ ఆడాలంటే బట్టీ పట్టాల్సిందేనా?

చంద్రగిరి నుంచి ఈ వారం మన టాపిక్ చెస్. చాలామంది తమ్ముళ్ళు, చెల్లెళ్ళు అడిగేది ఒకటే: "అన్నా, ఆట ఇష్టమే, కానీ ఆ ఓపెనింగులన్నీ ఎవరు గుర్తుపెట్టుకుంటారు?" ఇంటర్‌లో, ఎంసెట్‌కి పట్టిన బట్టీ చాలదా, మళ్ళీ ఇక్కడ కూడానా అని యాప్ తీసేస్తున్నారు. తీసేయక్కర్లేదు. ఎందుకో చెప్తాను.

ముందు లెక్క చూద్దాం. తెల్లపావులతో మొదటి ఎత్తు 20 రకాలుగా వేయొచ్చు. నల్లపావులతో జవాబు కూడా 20 రకాలు. అంటే చెరొక ఎత్తుకే 400 దారులు. చెరి రెండు ఎత్తులు అయ్యేసరికి 1,97,281 దారులు! మీరు వీడియో చూసి 12 ఎత్తులు బట్టీ పట్టారనుకోండి. ఎదుటివాళ్ళు ఆ వీడియో చూడలేదు కదా! మూడో ఎత్తుకే వేరే దారి పట్టొచ్చు. అప్పుడు మిమ్మల్ని కాపాడేది, ఏ ఎత్తు ఎందుకు వేస్తారో తెలియడమే.

మన పల్లెల్లో ఆడే పులిజూదం తెలుసు కదా. 3 పులులు, 15 మేకలు. దానికి ఎవరైనా పుస్తకం ముందేసుకుని కూర్చున్నారా? మేక వెనక చోటు ఖాళీగా ఉంటే పులి దూకేస్తుంది. ఈ ఒక్క సంగతి అర్థమైతే చాలు, ఆ చోటు ఎలా మూయాలా అని బుర్ర దానంతటదే పనిచేస్తుంది. చెస్‌లోనూ అంతే, కాపలా లేని పావు పోతుంది. కొత్తగా ఆడేవాళ్ళు ఎక్కువగా ఓడిపోయేది ఇలా పావులు ఊరికే ఇచ్చేసుకునే.

అందుకే మొదట్లో మూడు పనులు చేయండి. బంటుతో బోర్డు నడిమధ్య పట్టు తెచ్చుకోండి. గుర్రాలు, బిషప్‌లు బయటికి తీయండి. క్యాస్లింగ్ చేసి రాజును భద్రంగా పెట్టండి. ఆ తర్వాత ప్రతి ఎత్తుకీ ముందు రెండు ప్రశ్నలు: ఎదుటివాళ్ళు ఇప్పుడు వేసిన ఎత్తు దేనికోసం? నా పావుల్లో కాపలా లేనిది ఏది?

మరి పెద్ద ఆటగాళ్ళు బట్టీ పట్టరా అంటే, పడతారు. 2024 ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో గుకేశ్ వెనక పనిచేసిన టీమ్‌లో మన గుంటూరు పెంటేల హరికృష్ణ ఉన్నారు. ఓపెనింగుల తయారీ అలాంటి టీమ్‌ల పని. అది వాళ్ళ వృత్తి. మనం సరదాగా ఆడేవాళ్ళం.

నిజానికి ఈ బట్టీ గోల ఛాంపియన్లకే విసుగు తెప్పించింది. బాబీ ఫిషర్ 1996లో వెనక వరసలోని పావుల్ని కలిపేసి మొదలుపెట్టే ఆట ప్రకటించారు. అదే చెస్960. రెండు బిషప్‌లు వేర్వేరు రంగు గళ్ళలో ఉండాలి, రాజు రెండు ఏనుగుల మధ్య ఉండాలి. బిషప్‌లకి 16 రకాలు, మంత్రికి 6, గుర్రాలకి 10. మిగిలిన మూడు గళ్ళలో ఏనుగు, రాజు, ఏనుగు. గుణిస్తే 960! ఇన్నిటికీ బట్టీ ఎవరు పడతారు? 2025లో లాస్ వేగస్‌లో ఈ పద్ధతిలో జరిగిన ఫ్రీస్టైల్ గ్రాండ్‌స్లామ్‌లో మన వరంగల్ కుర్రాడు అర్జున్ ఎరిగైసి సెమీఫైనల్‌దాకా వెళ్ళాడు.

లిచెస్‌లో ఇది ఫ్రీగా ఆడొచ్చు. ఈ రాత్రి రీల్స్ పక్కనపెట్టి 10 నిమిషాల గేమ్ ఒకటి ఆడండి. అయిపోగానే ఇంజిన్ నొక్కొద్దు. ఆట ఎక్కడ తిరిగిందో ముందు మీరే వెతకండి. అది దొరికినప్పుడు వచ్చే కిక్కే అసలు చెస్. మళ్ళీ కలుద్దాం, ఉంటాను.