మా మారుతి కుదుపు మానింది

కారు ఎగిరెగిరి పడుతూంటే "స్ప్రింగులు పోయాయండీ" అనడం మనలో చాలామందికి అలవాటు. ఎగరేసేది స్ప్రింగే గనక నింద దానిమీద వెయ్యడం సహజమే. కాని ఎగరడం స్ప్రింగు ధర్మం. ఆ ఎగురుడు ఆపవలసిన ఉద్యోగం ఇంకొకరిది. ఆ ఇంకొకరి పేరు షాక్ అబ్జార్బరు. రాణీగంజి బజారులో అడిగితే షాకప్సరు. ఉయ్యాలలో బిడ్డను మోసేది గొలుసు, ఊపు ఆపేది తల్లి చెయ్యి. చెయ్యి తీసేసి గొలుసును తిట్టుకుంటే ఏం లాభం?

స్ప్రింగు సంగతి 1678లోనే ఇంగ్లండులో రాబర్ట్ హుక్ అనే పండితుడు తేల్చి ప్రకటించాడు. ఎంత నొక్కితే అంత ఎదురు తిరుగుతుంది. నొక్కిన శక్తినంతా కడుపులో దాచుకుని, వదలగానే తిరిగి ఇచ్చేస్తుంది. అప్పు పైసాతో సహా తీర్చే పెద్దమనిషి అన్నమాట. షాకు తీరు వేరు. దాని గొట్టం నిండా నూనె, ఆ నూనెలో సన్నని రంధ్రాలున్న పిస్టను. చక్రం లేచి పడినప్పుడల్లా నూనె ఆ రంధ్రాల్లోంచి ఇరుక్కుంటూ పోవాలి. ఆ పెనుగులాటలో ఊపు కాస్తా వేడిగా మారిపోతుంది. గతుకుల దారిలో చాలాదూరం నడిచి వచ్చిన బండి షాకును ముట్టుకు చూడండి, వెచ్చగా తగులుతుంది. నాలుగింటిలో ఒకటి మాత్రం చల్లగా ఉంటే అది కూర్చుని జీతం తింటోందని అనుమానించవచ్చు.

మన సికింద్రాబాదుకు కుదుపుల సంగతి కొత్త కాదు. లష్కరు బోనాలకు మూలపురుషుడని చెప్పుకునే సురటి అప్పయ్య పటాలంలో డోలీ మోసేవాడు. 1813లో కలరా వచ్చినప్పుడు ఉజ్జయినిలో మొక్కుకుని, 1815లో ఇక్కడ మహంకాళి అమ్మవారిని నిలిపాడని స్థలకథ. ఆ డోలీకి స్ప్రింగూ షాకూ రెండూ బోయీల మోకాళ్ళే! తరవాత జట్కాలకు కమాను కట్టలు వచ్చాయి. 1932లో నిజాం రైల్వేవారు 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలుపెట్టినప్పుడూ కమానులే గతి. మన నాన్నల కాలపు అంబాసిడరుకు వెనక కమానులు, ముందు మెలిపడే ఉక్కు కడ్డీలు. ఫియట్‌కు ముందు చుట్ల స్ప్రింగులు, వెనక మళ్ళీ కమానులే. 1983 డిసెంబరులో మారుతి 800 రోడ్డెక్కాక ముందుచక్రాల దగ్గర కొత్త పద్ధతి మన ఇళ్ళలోకి వచ్చింది. షాకు నిలువుగా ఉంటుంది, దాని చుట్టూ స్ప్రింగు, రెండూ ఒకే కట్టు. మాక్‌ఫర్సన్ అనే అమెరికా ఇంజనీరు దీన్ని రూపొందించాడు. 1950 ప్రాంతాల్లో ఫోర్డు కార్ల ద్వారా లోకానికి తెలిసింది. చోటు తక్కువ, ఖర్చు తక్కువ. చిన్నకారు పాలిట వరం. కాని ఆ కట్టు విప్పడంలోనే ప్రమాదం కూడా ఉంది. అక్కడికి తరవాత వస్తాను.

మా ఇంట్లో ఉన్నది మారుతి 800. మా నాన్నగారు 2003లో కొన్నారు. పదిహేనేళ్ళు నిండాక రిజిస్ట్రేషను ఐదేళ్ళకోసారి పొడిగించుకుంటూ వస్తున్నాం. నాన్నగారు వెళ్ళిపోయారు, కారు ఉంది, అమ్మ ఉంది. అమ్మకు డెబ్భై ఎనిమిది. ఆమె వెన్నుపూసలు అరిగాయనీ, కుదుపు తగలకుండా చూడమనీ డాక్టరు గట్టిగా చెప్పాడు. అద్దెకారు పిలుస్తానంటే ఒప్పుకోదు. "మీ నాన్న కొన్న బండి ఉండగా ఊళ్ళోవాళ్ళ బండి ఎందుకురా?" అంటుంది. ఆ బండిలో మారేడుపల్లి నుంచి మహంకాళి గుడి వరకు వెళ్ళి వస్తే రెండు రోజులు మంచం దిగదు. ఆషాఢం ఇంకా మూడు వారాలుంది.

దారిలో స్పీడు బ్రేకర్లు లెక్కపెట్టడం నేను మానేశాను. 25 కిలోమీటర్ల వేగంతో హాయిగా దాటడానికి దిబ్బ 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988లోనే కొలతలు రాసిపెట్టింది. మా వీధి చివరిదాని వెడల్పు నేను టేపు పెట్టి కొలిచాను. మూరెడు.

ఒక షెడ్డులో చూపిస్తే కుర్రమేస్త్రీ బండిచుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, "స్ప్రింగులు కూసున్నయి సార్. నాలుగూ మార్చాలె. అంత ఖర్చెందుకు, అమ్మేయరాదు?" అన్నాడు. వంగి కింద చూడనైనా లేదు. అంచేత నేనే చూశాను.

పరీక్ష ఎవరైనా చెయ్యవచ్చు. కారు ఒక మూలను రెండు చేతులా గట్టిగా నొక్కి వదలాలి. లేచి, ఒకసారి దిగి ఆగిపోతే షాకు బాగున్నట్టు. పెళ్ళివారి పల్లకిలా ఊగుతూనే ఉంటే పోయినట్టు. ఇది షాకు పరీక్ష. స్ప్రింగుకు వేరే ఉంది. టైర్లలో గాలి సరిచేసి, సమతలం మీద ఖాళీబండి నిలిపి, చక్రం నడిబొడ్డు నుంచి పైన మడ్గార్డు అంచుదాకా నాలుగువైపులా కొలవాలి. కుడి ఎడమలు సమానంగా ఉండాలి. మా బండికి వెనక రెండూ సమానం. ముందు మాత్రం కుడివైపు రెండు వేళ్ళ వెడల్పు దిగిపోయింది. ఒంటరిగా నడిపే బండికి డ్రైవరు పక్క బరువు ఎక్కువ, ఆశ్చర్యం లేదు. నాలుగు షాకులూ ఊగిపోతున్నాయి. వెనకవాటి ఒంటినిండా నూనె కారి దుమ్ము పట్టి ఉంది. కాబట్టి కావలసినవి షాకులు నాలుగు, స్ప్రింగులు రెండే. షెడ్డువాడి లెక్కలో స్ప్రింగులు నాలుగు, షాకుల ఊసే లేదు! ఆ లెక్క ప్రకారం డబ్బు పోసి ఉంటే బండి వెనకటికంటె జోరుగా ఎగిరి ఉండేది.

రాణీగంజిలో దొరకని విడిభాగం ఉండదంటారు; ఆ మాటకొస్తే అసలుదానికి కవల పిల్లలు కూడా అక్కడే పుడతాయి. తెలిసిన కొట్టులో బిల్లు తీసుకుని కొనండి. ధరలు నేను రాయను, మీరు చదివేసరికి మారిపోతాయి. ఒక సంగతి మాత్రం: స్ప్రింగుగాని షాకుగాని జంటగానే మార్చాలి. ఒకవైపు కొత్తది, ఒకవైపు పాతది ఉంటే బ్రేకు వేసినప్పుడు బండి ఒక పక్కకు లాగుతుంది. కొట్లో అడ్డంగా పడుకోబెట్టి ఉంచిన షాకును తెచ్చి తిన్నగా బిగించకూడదు. నిలువుగా పట్టుకుని నాలుగైదుసార్లు పూర్తిగా నొక్కి లాగితే లోపల చిక్కిన గాలి పోయి పట్టు వస్తుంది.

మా ఎదురింటి బాబాయిగారు లాలాగూడా రైల్వే కార్ఖానాలో పనిచేసి రిటైరయ్యారు. ఆదివారం పొద్దున మా అబ్బాయీ నేనూ పానాలు పరుచుకుని కూర్చునేసరికి కుర్చీ తెచ్చుకుని మరీ వచ్చారు. "మోటారు నాకు తెలియదోయ్. స్ప్రింగు తెలుసు," అన్నారు. పెరంబూరు కార్ఖానా పాతరకం రైలుపెట్టెల్లో చక్రాల పక్క స్ప్రింగు, దాని నడుమ నూనె పాత్రలో కదిలే పిస్టను ఉంటాయట. అంటే అదీ ఇదీ అన్నదమ్ములే. అక్కడ స్ప్రింగుల ఎత్తు కొలిచి, జట్లుగా విడదీసి, రంగులు పూసి, జోడు కుదిరినవే ఒకచోట వేసేవారట. నేను జంట గురించి రాసినమాట ఆయన రుజువు చేసినట్టయింది.

వెనకపని తేలిక. చక్రం నట్లు బండి నేలమీద ఉండగానే వదులు చేసుకుని, ముందుచక్రాలకు చెక్కదిమ్మలు అడ్డుపెట్టి, జాకీతో ఎత్తి, ఇనప స్టాండుల మీద కూర్చోబెట్టాలి. జాకీ ఎత్తడానికే, నిలబెట్టడానికి కాదు. కారుతో ఇచ్చిన జాకీని నమ్మి కిందకి దూరినవాణ్ణి మా బాబాయిగారు చెవి పట్టుకుని ఇవతలకు లాగుతారు. ఇంకొక జాకీ ఇరుసు కింద ఆనించాకే షాకు బోల్టు తీయాలి. లేకపోతే ఇరుసు ఒక్కసారిగా జారి బ్రేకు రబ్బరుగొట్టం తెగలాగుతుంది. తుప్పు వదిలే నూనె ముందురోజు రాత్రే పోసి ఉంచాం గనక బోల్టులు అలగకుండా వచ్చాయి. గంటన్నరలో రెండూ అయిపోయాయి. తీసిన షాకును మా వాడు నొక్కితే లోపలకు పోయి అక్కడే ఉండిపోయింది. లాగితే గాలిలో పుల్ల ఆడించినట్టు వచ్చింది.

ఇక ముందువి. ఇక్కడే బాబాయిగారు కుర్చీ దగ్గరగా జరుపుకున్నారు. మారుతి బరువు దాదాపు 650 కిలోలు. అందులో సగం పైచిలుకు ముందే ఉంటుంది. అంటే ఒక్కొక్క ముందు స్ప్రింగు నెత్తిన, పాతకాలపు నూరు కిలోల బియ్యం బస్తాలు రెండింటికి కాస్త తక్కువ బరువు. కట్టు బయటికి తీసినా ఆ స్ప్రింగు పూర్తిగా విశ్రమించదు, పై పళ్ళానికీ కింది పళ్ళానికీ మధ్య నొక్కుడుపడే ఉంటుంది. దాన్ని ఆపుతున్నది పైనున్న ఒకే ఒక్క నడిమి నట్టు. బానెట్టు ఎత్తగానే ఎదురుగా కనబడి, విప్పమని పిలిచేదీ అదే. స్ప్రింగును బిగించకుండా దాన్ని విప్పితే పై పళ్ళెం ఫిరంగి గుండులా లేస్తుంది. చేతివేళ్ళు, దవడ, కన్ను – ఏది అడ్డుంటే అది పోతుంది. కొందరు తాడు చుట్టో, ఇనపతీగె కట్టో పని కానిస్తారు. నేను చూశాను, చూడలేక వచ్చేశాను.

సరైన పద్ధతి ఇది. నడిమి నట్టు ముట్టుకోకుండా, దాని చుట్టూ ఉన్న చిన్ననట్లు, కింద చక్రం పక్కనున్న బోల్టులు తీసి, బ్రేకు గొట్టాన్ని తప్పించి, కట్టును కట్టుగానే బయటికి తేవాలి. కొక్కేలున్న కంప్రెసరు మరలు రెండు ఎదురెదురుగా స్ప్రింగుకు తగిలించి, ఇటు రెండు చుట్లు, అటు రెండు చుట్లు సమంగా బిగించుకుంటూ పోవాలి. స్ప్రింగు పళ్ళెంలో వదులై, చేత్తో తిప్పితే తిరగాలి. అప్పుడే నట్టు. "దాని సూటిలో మొహం పెట్టకోయ్, పక్కకు జరుగు," అని బాబాయిగారు నాకు మూడుసార్లు, మా వాడికి పదిసార్లు చెప్పారు. కంప్రెసరు లేనివారు కట్టును తీసి షెడ్డుకు పట్టుకెళ్ళి, స్ప్రింగు మార్పించుకుని తెచ్చి బిగించుకోవచ్చు. అందులో నామోషీ ఏమీ లేదు. కొత్త స్ప్రింగు కొస కింది పళ్ళెంలో మెట్టుకు ఆని కూర్చోవాలి. పై బేరింగూ, రబ్బరు తొడుగూ అరిగి ఉంటే ఆ పూటే మార్చెయ్యాలి, మళ్ళీ ఎవరు విప్పుతారు? పాతదీ కొత్తదీ పక్కపక్కన నిలబెడితే కుడివైపు పాత స్ప్రింగు బొటనవేలంత పొట్టిగా తేలింది.

రబ్బరు బుష్షులున్న బోల్టుల చివరి బిగింపు బండి నేలమీదికి దిగాకే చెయ్యాలి. గాల్లో ఉండగా బిగిస్తే రబ్బరు మెలితిరిగిన భంగిమలోనే బిగుసుకుని త్వరగా చిరిగిపోతుంది. చీకటిపడే వేళకు ముగించి, మర్నాడు చక్రాల అలైన్‌మెంటు చేయించాను. ముందు కట్టు విప్పినప్పుడు అది తప్పనిసరి, లేకపోతే కొత్త టైర్లు ఏటవాలుగా అరిగిపోతాయి. నూరు కిలోమీటర్లు తిరిగాక నట్లన్నీ మళ్ళీ పానా పెట్టి చూశాను. కదలలేదు.

లష్కరు బోనాల ముందు ఆదివారమే, జనం పెరగకముందు, అమ్మను గుడికి తీసుకువెళ్ళాం. మూరెడు దిబ్బ దగ్గర అలవాటుగా ముందు సీటు పట్టుకుంది. బండి ఒకసారి లేచి, దిగి, ఆగింది. అమ్మ చెయ్యి వదిలి కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. ఇంటికి వచ్చి, మెట్లెక్కి, మంచం వైపు పోకుండా తిన్నగా వంటింట్లోకి నడిచింది. కాసేపటికి లోపల్నించి కేక వేసింది: "ఒరేయ్, కుదుపు పోయిందిగాని, ఆ వెనక తలుపులో ఏదో టకటకమంటోంది. ఇన్నాళ్ళూ వినపడలేదు. దాని సంగతి కూడా చూడరాదూ?"