గల్ఫ్ నుంచి వచ్చిన ప్లాన్ ఊళ్లో ఎందుకు ఓపెన్ కావట్లేదు?

మా ఖాలా వాళ్లు పాత డాబా మీద మేడ వేస్తున్నారు. మెట్ల దగ్గర కొలత మారాల్సి వచ్చింది. దమ్మామ్‌లో డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేసే వాళ్ల పెద్దబ్బాయి డ్యూటీ అయ్యాక కూర్చుని, కొత్త డ్రాయింగ్ గీసి రాత్రికి రాత్రే వాట్సాప్‌లో పంపారు. పొద్దున్నే సెంట్రింగ్ వాళ్లు వచ్చి కూర్చున్నారు. తీరా ఊళ్లో ఇంజనీరు తన కంప్యూటర్‌లో ఫైల్ తెరిస్తే, 'డ్రాయింగ్ ఫైల్ ఈజ్ నాట్ వాలిడ్' అని వచ్చింది. ఫైల్ పాడైందేమో, మళ్లీ పంపమన్నారు. భాయిజాన్ మళ్లీ పంపారు. మళ్లీ అదే మాట. ఆ రోజు పని జరగలేదు, కూలీ మాత్రం ఇవ్వాల్సి వచ్చింది. "వీడు అక్కడ నిజంగా ఈ పనే చేస్తున్నాడా?" అని ఖాలా నన్నే అడిగింది.

ఫైల్ బాగానే ఉంది. భాయిజాన్ పనీ బాగానే ఉంది. తేడా అంతా ఆటోక్యాడ్ వర్షన్లలో ఉంది. బీకాం చదివిన నాకు ఇదంతా కొత్త, ఆ గొడవ వల్లే తెలుసుకున్నాను.

ఆటోక్యాడ్ డ్రాయింగులు డీడబ్ల్యూజీ అనే ఫైల్‌గా సేవ్ అవుతాయి. పేరు ఒకటే అయినా లోపల రాసే పద్ధతిని కంపెనీ కొన్నేళ్లకోసారి మారుస్తూ వచ్చింది. 2007, 2008, 2009 వర్షన్లది ఒక ఫార్మాట్. 2010 నుంచి 2012 దాకా ఇంకొకటి. 2013 నుంచి 2017 దాకా మరొకటి. 2018లో వచ్చిన ఫార్మాట్‌నే ఆ తర్వాతి వర్షన్లు వాడుతున్నాయి. కొత్త ఆటోక్యాడ్ పాత ఫైల్‌ని చదువుతుంది, పాతది మాత్రం కొత్త ఫైల్‌ని చదవలేదు. 2017 వర్షన్ ఉన్నవాళ్లు కూడా 2018 ఫార్మాట్ ఫైల్ తెరవలేరు, ఒక్క ఏడాదే తేడా అయినా సరే.

మరి ఊళ్లో ఇంజనీరు కొత్తది కొనుక్కోవచ్చు కదా అంటారు. ఇక్కడ నా కామర్స్ కాస్త పనికొచ్చింది. ఒకప్పుడు ఆటోక్యాడ్ ఒకసారి కొంటే ఎప్పటికీ మనదే, సొంత ఆస్తి లాగా. 2016 ఫిబ్రవరి నుంచి ఆటోడెస్క్ కంపెనీ అలా శాశ్వత లైసెన్సు అమ్మడం ఆపేసింది. ఇప్పుడు నెలకో, ఏడాదికో చందా కట్టాలి, అద్దె ఇల్లు లాగా. నెలకి నాలుగు ఇళ్ల ప్లాన్లు గీసే ఆఫీసు, బాగా నడుస్తున్న పాత వర్షన్‌ని వదులుకుని అద్దె ఎందుకు కడుతుంది? అందుకే ఫార్మాట్ మార్చే పని పంపేవాళ్లే చేయాలి. వాళ్ల దగ్గర అది నిమిషం పని.

డ్రాయింగ్ తెరిచి 'సేవ్ యాజ్' నొక్కితే, ఫైల్ పేరు రాసే చోటు కింద 'ఫైల్స్ ఆఫ్ టైప్' అని ఉంటుంది. అందులో 2018, 2013, 2010, 2007 అంటూ 2000 వరకూ పాత ఫార్మాట్లు కనిపిస్తాయి. అవతలివాళ్ల వర్షన్ ఏదో అడిగి దాన్నే ఎంచుకోవాలి. అడిగే వీల్లేకపోతే 2007 గానీ 2010 గానీ పెట్టండి. పేరు మాత్రం మార్చి సేవ్ చేయాలి, లేకపోతే అసలు ఫైల్ మీదే పాతది పడుతుంది. రోజూ పంపేవాళ్లైతే కమాండ్ లైన్‌లో ఓపీ అని కొట్టి, 'ఓపెన్ అండ్ సేవ్' ట్యాబ్‌లో పాత ఫార్మాట్‌ని సెట్ చేసుకుంటే ప్రతిసారీ అలాగే సేవ్ అవుతుంది. అంతేగానీ ఫైల్ పేరులో 2010 అని చేర్చినంత మాత్రాన లోపల ఏదీ మారదు. మొదట మా ఇంట్లో జరిగింది అదే!

వచ్చిన ఫైల్ ఏ ఫార్మాటో తెలియాలంటే దాన్ని నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూడండి. అంతా పిచ్చి అక్షరాలే కనిపిస్తాయి గానీ మొట్టమొదట ఏసీ అని, పక్కన నాలుగు అంకెలు ఉంటాయి. 1032 ఉంటే 2018 ఫార్మాట్. 1027 అయితే 2013, 1024 అయితే 2010, 1021 అయితే 2007. చూసి, సేవ్ చేయకుండా మూసేయండి.

పాత ఫార్మాట్‌లోకి మారిస్తే గోడలు, కొలతలు, లేయర్లు ఎక్కడికీ పోవు. కొత్తగా వచ్చిన సదుపాయాలు కొన్ని పనిచేయవు. ఉదాహరణకి ఒక గీత జరిపితే దానికి కట్టిన ఇంకో గీత కూడా జరిగే పద్ధతి 2010లో వచ్చింది, అది 2007 వర్షన్‌లో పనిచేయదు. అందుకే అసలు ఫైల్ పంపినవాళ్ల దగ్గర భద్రంగా ఉండాలి.

పెద్ద ఇబ్బంది వేరే ఉంది. గల్ఫ్ కంపెనీల్లో ఒక డ్రాయింగ్‌కి ఇంకో నాలుగు డ్రాయింగులు తగిలించి పనిచేస్తారు, వీటిని ఎక్స్‌రెఫ్ అంటారు. 'సేవ్ యాజ్' చేస్తే పైనున్న ఒక్క ఫైలే మారుతుంది. తగిలించినవి కొత్త ఫార్మాట్‌లోనే ఉండిపోతాయి, ఇక్కడ తెరిస్తే సగం ప్లాన్ ఖాళీ. ఫాంట్ ఫైల్ రాకపోతే అక్షరాలకి బదులు ప్రశ్నార్థకాలు వస్తాయి. అలాంటప్పుడు 'ఈ-ట్రాన్స్‌మిట్' కమాండ్ వాడాలి. సెట్టింగ్స్‌లో పాత ఫార్మాట్ ఎంచుకుంటే తగిలించిన ఫైళ్లన్నీ మార్చి, ఫాంట్లతో కలిపి ఒకే జిప్ కట్టి ఇస్తుంది. ఫాంట్లు చేర్చమనే టిక్కు ఉందో లేదో ముందే చూసుకోవాలి.

పంపినవాళ్లు దొరకకపోతే? శుక్రవారం అక్కడ సెలవు, ఫోన్ ఎత్తరు. అప్పుడు ఆటోడెస్క్ వాళ్లే ఉచితంగా ఇచ్చే 'డీడబ్ల్యూజీ ట్రూవ్యూ'ని విండోస్ కంప్యూటర్‌లో వేసుకుని మనమే పాత ఫార్మాట్‌లోకి మార్చుకోవచ్చు. ఊరూ పేరూ తెలియని వెబ్‌సైట్లలో ఇంటి ప్లాన్ ఎక్కించడం నాకైతే నచ్చదు.

భాయిజాన్ ఇప్పుడు పంపే ప్రతి ఫైల్ 2010 ఫార్మాట్‌లో వస్తోంది. వెంట ఒక పీడీఎఫ్ కూడా పంపుతున్నారు, మేస్త్రి దాన్ని ఫోన్‌లోనే చూసుకుంటాడు. మెట్లు పూర్తయ్యాయి.