రాదు కాదు... ‘ఇంకా రాలేదు’!

ఇంటర్‌ ఫలితాలు వచ్చిన సాయంత్రం తిరుపతిలో ఏ వీధిలో నడిచినా రెండు రకాల మాటలు వినిపిస్తాయి. ఒక ఇంట్లో... ‘వీడికి లెక్కలు రావు. మా వంశంలోనే లేవు!’ పక్కింట్లో... ‘ఈసారి ఇంటిగ్రేషన్‌ దెబ్బకొట్టింది. సప్లిమెంటరీకి టైముంది కదా, అది చూసుకుందాం!’ ఇద్దరు పిల్లలకీ వచ్చిన మార్కులు ఒక్కటే కావచ్చు. తేడా అంతా ఆ తర్వాత చెవిన పడిన మాటలోనే ఉంది.

అమెరికన్‌ మనస్తత్వ శాస్త్రవేత్త కరోల్‌ డ్వెక్‌ ఈ తేడా మీదే దశాబ్దాలపాటు పరిశోధించారు. 2006లో ‘మైండ్‌సెట్‌’ అనే పుస్తకం రాశారు. తెలివితేటలు పుట్టుకతో ఖాయమైపోతాయని నమ్మేవారు ఓటమిని తీర్పులా తీసుకుంటారు. సాధనతో పెరుగుతాయని నమ్మేవారు అదే ఓటమిలో తాము ఎక్కడ తప్పారో వెతుక్కుంటారు. షికాగోలోని ఒక హైస్కూల్లో తప్పిన పిల్లలకు ‘ఫెయిల్‌’ అని కాకుండా ‘ఇంకా రాలేదు’ అని రాసేవారని ఆమె తన ప్రసంగాల్లో చెబుతుంటారు.

అరగొండ నుంచి...

ఈ ఆలోచనకు ఉదాహరణ కోసం అమెరికా దాకా వెళ్లక్కర్లేదు. చిత్తూరు జిల్లా అరగొండలో పుట్టిన డాక్టర్‌ ప్రతాప్‌ సి.రెడ్డి అమెరికాలో వైద్యుడిగా స్థిరపడే అవకాశం ఉన్నా, తండ్రి రాసిన ఉత్తరంతో తిరిగొచ్చేశారు. 1979లో ఆయన దగ్గరికొచ్చిన 38 ఏళ్ల గుండె రోగికి విదేశంలో ఆపరేషన్‌ చేయించాల్సి వచ్చింది. డబ్బు సమకూరక ఆ రోగి చనిపోయాడు. ‘మన దేశంలో ఇంతే’ అని నిట్టూర్చి ఊరుకోవచ్చు. ఆయన మాత్రం ‘ఆ ఆపరేషన్‌ ఇక్కడే ఎందుకు జరగకూడదు?’ అనుకున్నారు. అనుమతులు, బ్యాంకు రుణాలు, పరికరాల దిగుమతి... అప్పట్లో ప్రతిదీ అడ్డుగోడే. అయినా 1983లో చెన్నైలో 150 పడకలతో అపోలో ఆస్పత్రి మొదలైంది. 2000లో అరగొండకే టెలీమెడిసిన్‌ వచ్చింది.

పేటమిట్ట కుర్రాడు గల్లా రామచంద్రనాయుడిదీ అదే దారి. తిరుపతి ఎస్వీ యూనివర్సిటీలో ఇంజినీరింగ్‌ చదివి, అమెరికాలో ఉద్యోగం చేసి, సొంత జిల్లాకు తిరిగొచ్చారు. 1985లో అమరరాజా బ్యాటరీస్‌ను స్థాపించారు. తిరుపతి పక్కనున్న కరకంబాడిలో ఫ్యాక్టరీ వెలిసింది. 2000లో ‘అమరాన్‌’ బ్యాటరీ మార్కెట్లోకి వచ్చింది. ‘ఈ కరవు సీమలో ఫ్యాక్టరీయా?’ అనే సందేహం దగ్గరే ఆగిపోయి ఉంటే..!

మనసొక్కటే చాలదు

అలాగని ‘అనుకుంటే చాలు, అయిపోతుంది’ అనడం పిల్లలను మోసం చేయడమే. వీళ్లిద్దరికీ పెద్ద చదువులున్నాయి, విదేశీ అనుభవముంది, అయినవాళ్ల అండ ఉంది. 2019లో అమెరికాలో సుమారు 12 వేలమంది తొమ్మిదో తరగతి విద్యార్థులపై చేసిన అధ్యయనం ప్రచురితమైంది. సాధనతో మెదడు పదునెక్కుతుందని గంటలోపే బోధిస్తే, చదువులో వెనకబడినవారి సగటు గ్రేడు పాయింటు 0.1 పెరిగింది. చిన్న లాభమే! అదీ కష్టమైన లెక్కకు సై అనే తోటిపిల్లలున్న బడుల్లో ఎక్కువగా కనిపించింది. అంటే విత్తనం ఒక్కటే కాదు, నేల కూడా ముఖ్యమే. మరి పిల్లలకు మొదటి నేల ఇల్లే కదా!

21 రోజులు కాదు

‘21 రోజులు చేస్తే ఏదైనా అలవాటైపోతుంది’ అంటుంటారు. 2009లో లండన్‌ పరిశోధకులు 96 మందిని గమనిస్తే తేలింది వేరు. కొత్త అలవాటు కుదురుకోవడానికి సగటున 66 రోజులు పట్టింది. కొందరికి 18 రోజులే, మరికొందరికి 254 రోజులు పడుతుందని అంచనా. మధ్యలో ఒకరోజు తప్పినంత మాత్రాన కొంప మునగలేదు. కాబట్టి, నాలుగో రోజు తెల్లవారుజామున లేవలేకపోయిన అబ్బాయిని ‘నీవల్ల కాదులే’ అనకండి.

ఇంట్లో ఇలా...

* ‘మా వాడు తెలివైనవాడు’ అనే బదులు, ఏం చేసి సాధించాడో ఆ పనిని మెచ్చుకోండి.

* ‘ఎన్ని మార్కులు?’ తర్వాత ‘ఎక్కడ తడబడ్డావు?’ అని కూడా అడగండి.

* ‘రోజూ చదువుతా’ అనే కన్నా ‘రాత్రి అన్నం తినగానే రెండు లెక్కలు చేస్తా’ అనే నియమం నిలుస్తుంది.

* ఆఫీసులో మీకెదురైన ఓటమినీ, దాన్ని సరిదిద్దుకున్న తీరునూ భోజనాల దగ్గర చెప్పండి. పిల్లలు మన ఉపన్యాసాలకన్నా మన బతుకునే ఎక్కువ గమనిస్తారు.

అలిపిరి దగ్గర నిలబడి మొత్తం 3,550 మెట్లనూ లెక్కపెడితే ఎవరికైనా గుండె జారుతుంది. గాలిగోపురం చేరేసరికే ఆయాసం వస్తుంది. కాసేపు కూర్చుని, మంచినీళ్లు తాగి, మళ్లీ లేస్తాం. అక్కడ కూర్చున్నవాళ్లను కొండ ఎక్కలేనివాళ్లని ఎవరూ అనరు. ఇంకా ఎక్కుతున్నారనే అంటారు. మార్కుల లిస్టు చేతిలో పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ బిడ్డను కూడా అలాగే చూడలేమా?