చూచి మార్చవలెను

గడచిన సంక్రాంతికి నా మనుమడు ఇల్లు చేరలేదు. వాడు హైదరాబాదున, 1998లో సైబర్ టవర్స్ వెలసిన మాదాపూరు ప్రాంతమున, కొలువు సేయుచున్నాడు. నేను కోపించితిని. కారణము విన్నపిదప కోపము శమించినది. ఆ కారణమునే మీకు విన్నవించుచున్నాను.

మనుజులు వ్రాసిన ఆదేశములను యంత్రమునకు బోధపడు రూపమున కూర్చుటకు నిర్మాణసాధనములు గలవు. 1976లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో స్టువర్ట్ ఫెల్డ్‌మన్ రచించిన ‘మేక్’ వానిలో ప్రసిద్ధము. ఏ అనువాదకమును వాడవలెను, కూర్పు పరీక్షకొఱకా, ప్రజల వాడుకకొఱకా యను విషయములను పేరుగల విలువలచే దానికి దెలుపుదురు. వీనికే చలరాశులని పేరు. సాధారణముగా పరిసరమునుండి వచ్చిన విలువను నిర్మాణపత్రములోనిది త్రోసివేయును. దానిని ఆజ్ఞాపంక్తిలో చెప్పినది త్రోసివేయును. వ్యాకరణమున ఉత్సర్గమును అపవాదము బాధించుట వంటిదే యిది.

మనుమడు వాడునది ‘సీమేక్’. అది తొలిమారు గ్రహించిన ఇట్టి విలువలను ఒక చిట్టాలో దాచుకొనును. ఆ పిదప పత్రమున ఆదివిలువను దిద్దినను చిట్టాలోని పాతదియే చెల్లును. ఇది తోపక వాడు పండుగకు బయలుదేరవలసిన రాత్రియంతయు పత్రమునే దిద్దుచు గడపెను. తెల్లవారినపిదప ‘ఎల్’ అను సంకేతముతో చిట్టాను చూచి, ‘డి’ అను సంకేతముతో విలువను మార్చగా దోషము తొలగినది.

పహాణీ చూడక పొలము తగవు తీర్ప గూర్చుండుట మనకు దగునా? ఇచటను అంతియే. ముందు చూడవలెను, పిమ్మట మార్చవలెను. నేనును కారణ మడుగకయే కోపించితిని గదా!