డ్రమ్ము చౌకే.. మొన్నటిదాకా అందులో ఏముంది?

పొగ బట్టీ కొనే ముందు జేబుతో పాటు రేకు మందమూ చూసుకోవాలి

షోలాపూర్: మరమగ్గాల పని తగ్గినప్పుడల్లా జోడ్‌భావి పేట్ లాంటి నేత వాడల్లో ముందుగా వచ్చే ఆలోచన ఒకటే.. సాయంత్రం పూట ఏదో ఒక బండి పెడదామని. భజ్జీలు, ఆమ్లెట్ల బండ్లు ఎక్కడ చూసినా ఉన్నవే. కొత్తగా వచ్చేవాడు నిలబడాలంటే వాసనతోనే జనాన్ని ఆపాలి. బొగ్గుల పొగలో నిదానంగా మగ్గిన కోడికి ఆ బలం ఉంది. కరీంనగర్, నల్గొండ, వరంగల్, పాలమూరు పల్లెల నుంచి తరాల కిందట మగ్గం పట్టుకుని వచ్చిన పద్మశాలి ఇళ్లకు ఈ రుచి ఎవరూ నేర్పక్కర్లేదు. మేక తలకాయ, కాళ్లు మంట మీద కాల్చి గీకి వండుకున్న వాళ్లే కదా!

చిక్కంతా బట్టీ దగ్గరే వస్తుంది. ఒకేసారి పది కోళ్లు పట్టే పెద్దది కావాలి. చేతిలో మాత్రం డబ్బు తక్కువ. బండ్ల వాళ్లకు కేంద్రం 2020లో తెచ్చిన పీఎం స్వనిధి పథకంలో మొదటి విడత అప్పు పది వేలే ఉండేది. 2025 ఆగస్టులో దాన్ని 15 వేలకు పెంచారు. సకాలంలో కడితే రెండో విడత 25 వేలు, మూడో విడత 50 వేలు వస్తాయి. మొదటి అప్పు ఏడాదిలో తీరాలి. 15 వేలూ ఇనుములోనే పోస్తే కోళ్లకు, బొగ్గుకు, మసాలాకు మళ్లీ చేబదులే గతి. అందుకే చూపు భంగార్ దుకాణం వైపు తిరుగుతుంది. అక్కడ ఖాళీ డ్రమ్ములు దొంతర్లుగా పడి ఉంటాయి. నిలువునా రెండుగా కోసి, కబ్జాలు బిగించి, జాలీ వేస్తే బట్టీ తయారు. చూడ్డానికి ఇంతకన్నా చౌక బేరం లేదు.

హైడ్రో డబ్బాతో ఆట వద్దు

షోలాపూర్‌లో డ్రమ్ము అంటే ఆలోచించాల్సిందే. ఇది అద్దకాల ఊరు. చద్దర్లకు, టవల్ నూలుకు రంగు వేసే కార్ఖానాల నుంచి ఖాళీ డబ్బాలు నేరుగా భంగార్‌కు వస్తాయి. రంగుల వాళ్లు ‘హైడ్రో’ అని పిలిచే సోడియం హైడ్రోసల్ఫైట్ ఇనుప డబ్బాల్లోనే వస్తుంది. అడుగున, మూత అంచుల్లో మిగిలిన పొడి వేడి తగిలితే గంధకపు ఘాటు వాయువు వదులుతుంది. తడి తగిలితే తనంతట తానే అంటుకునే గుణం కూడా దానికి ఉంది. అందులో కోడిని వేలాడదీయాలా?

కడిగితే పోదా అంటారు. అన్నీ పోవు. డ్రమ్ము లోపల పూత ఉంటుంది, బయట రంగు ఉంటుంది. సరుకు అతుకుల్లోకి ఇంకి ఉంటుంది. మండే ద్రావకాలు నింపిన డ్రమ్మయితే కోసేటప్పుడే ప్రాణాల మీదికి వస్తుంది. ఖాళీగా కనిపించినా లోపల ఆవిరి నిలిచి ఉంటుంది. గ్రైండర్ రవ్వ ఒక్కటి పడితే చాలు, మూత ఎగిరి మనిషిని కొడుతుంది. వెల్డింగ్ పనిలో ఉన్నవాళ్లకు తెలియని సంగతి కాదు, తొందరలో మరిచిపోయేది అంతే.

కాబట్టి “కిలో ఎంత?” అని అడిగే ముందు ఇంకో మాట అడగాలి: “అన్నా, ఇంతకుముందు దీంట్ల ఏముండె?” జవాబు తడబడితే డ్రమ్ము అక్కడే వదిలేయాలి. చీటీ మీద వంటనూనె పేరు చదవగలిగితే అది వేరే సంగతి. దాన్నయినా వేడి నీళ్లు, సోడాతో కడిగి, కోసిన తర్వాత ఆరుబయట పెద్ద మంట పెట్టి పూత మొత్తం కాల్చి, గీకి వాడాలి. ఆ మంట పెట్టిన రోజు తిండి జోలికి పోకూడదు.

తళతళలాడే జీఐ రేకు కూడా పనికిరాదు. దాని మీద ఉండే జింకు 419 డిగ్రీలకే కరుగుతుంది. నిప్పుకు ఆనుకుని ఉండే చోట ఆ పొగ మనిషికీ మంచిది కాదు, మాంసానికీ మంచిది కాదు. జాలీకి జీఐ తీగ వేసి పని కానిచ్చే వెల్డర్లున్నారు. ముందే ‘కాదు’ అని చెప్పాలి.

కిలోల లెక్క ఇదీ..

మంచి డ్రమ్ము దొరికినా దాని రేకు పల్చన. 200 లీటర్ల డ్రమ్ము రేకు మందం ఒక మిల్లీమీటరుకు అటూ ఇటూ ఉంటుంది, ఖాళీ బరువు 20 కిలోలు దాటదు. మూత తీసిన ప్రతిసారీ వేడి పారిపోతుంది. మళ్లీ బొగ్గు వేయాలి. రోజూ మండితే, వానకు తడిస్తే అడుగు చిల్లులు పడుతుంది. చవకగా వచ్చింది బొగ్గు ఖర్చులో తిరిగి పోతుంది.

కొత్త రేకుతో చేయిస్తే? ఇనుము కిలోల్లో అమ్ముతారు. కాబట్టి కొనేవాడు నేర్చుకోవాల్సిన లెక్క ఒక్కటే. చదరపు మీటరు రేకు ఒక మిల్లీమీటరు మందానికి 7.85 కిలోలు తూగుతుంది. నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు పెట్టెను 3 మి.మీ. రేకుతో చేస్తే సుమారు 88 కిలోలు. అదే పెట్టె 18 గేజ్ రేకుతో 35 కిలోలే. వెల్డర్ చెప్పే తక్కువ ధర వెనకాల ఉన్నది తరచూ ఈ 18 గేజే. గేజ్ నంబరు పెరిగితే మందం తగ్గుతుందన్నది చాలామందికి తెలియదు. 18 అంటే 1.2 మి.మీ., 14 అంటే 2 మి.మీ. బేరం కుదిరాక మందం కాగితం మీద రాయించుకోవాలి. రేకు వచ్చాక తూకం వేయించాలి. తూకం అబద్ధం చెప్పదు.

పెద్దది, మందమైనది, చౌకైనది.. మూడూ ఒక్క చోట దొరకవు. దేన్ని వదులుకోవాలి? సైజునే. మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు పెట్టె చాలు. లోపల ఒకదాని మీద ఒకటి రెండు జాలీలు వేస్తే తొమ్మిది చదరపు అడుగుల జాగా వస్తుంది. పెద్ద పెట్టెలో ఒక్క జాలీ ఇచ్చేది ఎనిమిదే. పక్కన అడుగున్నర గది ఒకటి నిప్పుకు వేరుగా అతికించాలి. నిప్పు గదికి 3 మి.మీ., మాంసం గదికి 2 మి.మీ. రేకు వాడితే మొత్తం 60 కిలోల లోపే అవుతుంది. చువ్వలు, కాళ్లు, చక్రాలు అదనం. నిప్పు గది అడుగున ఎండిన ఇటుకలు పరిస్తే రేకు ఎక్కువ కాలం నిలుస్తుంది, వేడీ నిలుస్తుంది. ఇటుకలో చెమ్మ ఉంటే పగులుతుంది జాగ్రత్త. పాత మగ్గాల చట్రాలు కాళ్లకు బాగుంటాయి. కానీ అవి పోత ఇనుము, మామూలు వెల్డింగ్‌కు పగుళ్లు తీస్తాయి. బోల్టులు వేసుకోవాలి.

నిప్పు వేరు, మాంసం వేరు

ఈ రెండు గదుల ఏర్పాటు అమెరికా నుంచి వచ్చింది. టెక్సాస్, ఓక్లహోమా ఆయిల్ బావుల దగ్గర వెల్డర్లు మిగిలిపోయిన లావు పైపులను అతికి చేసుకున్న బట్టీలవి. డాలస్, హ్యూస్టన్‌లలో మనవాళ్లు పెరట్లో పెట్టుకునే స్మోకర్లకు అవే పూర్వీకులు. మంట ఒక గదిలో, మాంసం పక్క గదిలో, చివర పొగ గొట్టం. గాలి కింద నుంచి దూరి, పొగను మాంసం మీదుగా లాక్కుని గొట్టంలోంచి వెళ్లిపోవాలి. గాలి దారికి, గొట్టానికి మూతలు తప్పనిసరి. అవి లేకపోతే అది ఉత్త పొయ్యి. మాంసం గదిలో 110-120 డిగ్రీలు ఉంటే కోడి మగ్గడానికి మూడు గంటలు పడుతుంది. ఏడింటికి అమ్మాలంటే మూడింటికే నిప్పు రాజేయాలి. కోడి లోపల 74 డిగ్రీలు చేరిందా లేదా చూసే చిన్న థర్మామీటరు ఒకటి కొనాలి. డబ్బు మిగిల్చుకోకూడని చోటు అది.

అంత ఓపిక లేని వాళ్లకు మట్టి తందూరు ఉండనే ఉంది. తక్కువ బొగ్గుతో ఎక్కువ వేడి పట్టుకుంటుంది. కానీ బండి మీద తిప్పితే పగులుతుంది. ఇటుక బట్టీ ఇంకా మంచిది. అద్దె ఇంటి ముందు ఎవరు కట్టనిస్తారు?

ఇక కట్టెలంటారా.. నల్లతుమ్మ, చింత మొద్దులు నిదానంగా కాలి మంచి నిప్పునిస్తాయి. రంగు పూసిన పెట్టె చెక్కలు, ప్లైవుడ్ వద్దు. నేత వాడల్లో సులువుగా దొరికేది మగ్గం నూనె పట్టిన చిందీ. రాజేయడానికి అదీ వద్దు. ఆ నూనె పొగ నేరుగా వెళ్లి మాంసానికి పడుతుంది.

పక్కనే నూలు ఉంది

వాడలో ఇల్లూ మగ్గమూ ఒకే గోడ పంచుకుంటాయి. నూలు ధూళికి ఒక్క రవ్వ చాలు. 2025 మే 18న అక్కల్‌కోట్ రోడ్ ఎంఐడీసీలో ఒక టవల్ కార్ఖానా అంటుకుని ఎనిమిది మంది చనిపోయారు. బండిని మగ్గాల షెడ్డు గాలి వాటున పెట్టకూడదన్న మాట ఈ ఊళ్లో ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు. పక్కన రెండు బకెట్ల ఇసుక ఉండాలి. బూడిదను రాత్రి మోరీ పక్కన పారబోయకుండా, తడిపి మూత డబ్బాలో ఉంచాలి.

పొగ మాట కూడా ఉంది. తందూర్లు, బేకరీలు కట్టె, బొగ్గు మానేయాలని 2025 జనవరిలో బొంబాయి హైకోర్టు ముంబైకి ఉత్తర్వులిచ్చింది. అది షోలాపూర్‌కు వర్తించదు. అయితే జాతీయ వాయుశుద్ధి కార్యక్రమం జాబితాలో షోలాపూర్ కూడా ఉంది. ఆ వేడి ఇక్కడికీ రావచ్చు. నిప్పు గదిలో తర్వాత గ్యాస్ బర్నర్ దూర్చుకునేలా ఒక రంధ్రం ముందే పెట్టించుకుంటే వెల్డర్ అడిగే అదనం పెద్దగా ఉండదు.

పెట్టె ఇంటికొచ్చిన రోజే కోడి ఎక్కించకూడదు. లోపల పల్లీ నూనె రాసి, రెండు మూడు గంటలు ఉత్త మంట పెట్టి నల్లబడనివ్వాలి. వానాకాలమంతా బట్టీ చల్లారాక నూనె గుడ్డతో తుడిచి, తాటిపత్రి కప్పి ఉంచాలి.