భారీ రేడియో నియంత్రిత నమూనా విమానాలకు ఇంజను ఎంపిక

భారీ రేడియో నియంత్రిత నమూనా విమానం అనగా నేలపై నిలిచిన వ్యక్తి రేడియో సంకేతాల ద్వారా నడిపే, సాధారణ నమూనాల కంటే బాగా పెద్దదైన విమానం. ఇంటర్నేషనల్ మీనియేచర్ ఎయిర్‌క్రాఫ్ట్ అసోసియేషన్ నిర్వచనం ప్రకారం ఒకే జత రెక్కలు గల విమానానికి రెక్కల నిడివి కనీసం 80 అంగుళాలు (సుమారు 2.03 మీటర్లు), ఒకటి కంటే ఎక్కువ జతలున్న విమానానికి కనీసం 60 అంగుళాలు (సుమారు 1.52 మీటర్లు) ఉండాలి. అసలు విమానంలో నాలుగో వంతు లేదా అంతకు మించిన కొలతతో చేసినవి కూడా ఈ తరగతిలోనికే వస్తాయి.

ఇటువంటి విమానానికి తగిన ఇంజనును ఎంచుకొనుట వేడుకకు మాత్రమే సంబంధించిన విషయం కాదు, భద్రతకు సంబంధించిన విషయం కూడా. 8 కిలోల విమానం గంటకు 90 కిలోమీటర్ల వేగంతో పోతున్నపుడు దాని గతిజశక్తి 2,500 జౌళ్ళు. 50 కిలోల సిమెంటు బస్తా సుమారు 5 మీటర్ల ఎత్తు నుండి పడినపుడు నేలను తాకే శక్తి కూడా ఇంచుమించు ఇంతే.

నేపథ్యం

1930లలో అమెరికాలో విలియం బ్రౌన్ రూపొందించిన 'బ్రౌన్ జూనియర్' నమూనా విమానాల కొరకు తయారైన తొలి పెట్రోలు ఇంజన్లలో పేరుపొందినది. దీనికి నిప్పురవ్వ పుట్టించే కాయిలు, బ్యాటరీ అవసరమయ్యేవి. 1940ల చివరలో గ్లో ప్లగ్గు ప్రవేశించడంతో ఈ బరువు తొలగిపోయి, చిన్న నమూనాలన్నీ గ్లో ఇంజన్ల వైపు మళ్ళాయి. తరువాతి కాలంలో పెద్ద నమూనాల కొరకు ఔత్సాహికులు చెట్లు కోసే రంపాలు, గడ్డి కోసే యంత్రాలలోని పెట్రోలు ఇంజన్లను మార్చి వాడసాగారు. అనంతరం విమానాల కొరకే తయారైన తేలికైన పెట్రోలు ఇంజన్లు వచ్చాయి. 2000ల నుండి లిథియం పాలిమర్ బ్యాటరీల వలన విద్యుత్ మోటారు కూడా పెద్ద విమానాలకు సరిపోయే స్థాయికి చేరింది.

ఇంజన్లలో రకాలు

గ్లో ఇంజను: దీని ఇంధనం మిథనాల్, నైట్రోమీథేన్, నూనెల మిశ్రమం. నూనెగా ఆముదం గాని, కృత్రిమ నూనె గాని, రెండూ గాని కలుపుతారు. ప్లగ్గులోని ప్లాటినం తీగ మొదట బ్యాటరీతో వేడెక్కుతుంది. ఇంజను నడిచిన తరువాత సిలిండరులోని వేడి, మిథనాల్‌తో ప్లాటినం జరిపే ఉత్ప్రేరక చర్య కలిసి ఆ తీగను ఎర్రగానే ఉంచుతాయి. ఈ ఇంజను తేలికైనది, నిర్మాణం సులభమైనది. అయితే కిలో మిథనాల్‌లో సుమారు 20 మెగాజౌళ్ళ శక్తి ఉండగా, కిలో పెట్రోలులో సుమారు 44 మెగాజౌళ్ళు ఉంటుంది. కావున గ్లో ఇంజను అదే పనికి రెట్టింపు కంటే ఎక్కువ ఇంధనం తాగుతుంది. ఇంజను పెద్దదైన కొద్దీ ఈ ఖర్చు భారమవుతుంది.

పెట్రోలు ఇంజను: ఎలక్ట్రానిక్ జ్వలన పద్ధతిలో స్పార్కు ప్లగ్గుతో నడుస్తుంది. జ్వలన పరికరం, దాని బ్యాటరీ వలన కొంత బరువు పెరుగుతుంది. అయినను ఇంధనం చౌక, విమానం మీద చిందే నూనె తక్కువ. అందువలన 30 సీసీ, అంతకు మించిన విమానాలలో దీనిదే పైచేయి.

విద్యుత్ మోటారు: పొగ, నూనె ఉండవు, చప్పుడు తక్కువ. అయితే ఎగిరే కాలం పరిమితం. ఉదాహరణకు 12 సెల్లుల, 5,000 మిల్లీ ఆంపియర్-గంటల బ్యాటరీలో (44.4 వోల్టులు) 222 వాట్-గంటల శక్తి ఉంటుంది. అందులో 80 శాతం మాత్రమే వాడి, సగటున 1,500 వాట్లు ఖర్చయితే విమానం దాదాపు 7 నిమిషాలు ఎగురుతుంది.

పరిమాణాన్ని నిర్ణయించుట

మోటారు సైకిళ్ళకు వలెనే ఈ ఇంజన్లను కూడా సీసీలలో కొలుస్తారు. గ్లో ఇంజన్లను మాత్రం ఘనపుటంగుళాలలో చెప్పే వాడుక ఉంది. 0.60 అనగా సుమారు 10 సీసీ, 1.20 అనగా సుమారు 20 సీసీ. విన్యాసాలు చేసే విమానాలకు సాధారణంగా వాడే కొలతలు ఇవి:

* 30 సీసీ: రెక్కల నిడివి 73-78 అంగుళాలు, బరువు 5-5.5 కిలోలు, ప్రొపెల్లరు 18 లేదా 19 అంగుళాలు
* 50 సీసీ: రెక్కల నిడివి 85-89 అంగుళాలు, బరువు 7-8 కిలోలు, ప్రొపెల్లరు 22 లేదా 23 అంగుళాలు
* 100 సీసీ: రెక్కల నిడివి 100-106 అంగుళాలు, బరువు 11.5-13 కిలోలు, ప్రొపెల్లరు 27 లేదా 28 అంగుళాలు

అసలు విమానాన్ని పోలి నిదానంగా ఎగిరే నమూనాకు ఇంత శక్తి అవసరం లేదు. నిలువుగా పైకి పోవలసిన విన్యాస విమానానికి మాత్రం ఇంజను కలిగించే తోపుడు బలం విమానం బరువును మించి ఉండాలి. విద్యుత్ మోటారు విషయంలో సాధారణ విమానానికి కిలోకు 220 వాట్లు, విన్యాస విమానానికి 330 నుండి 440 వాట్లు అనునది వాడుకలోని లెక్క.

శక్తి చాలని విమానం గాలిలోకి లేచే సమయంలోనే వేగం కోల్పోయి కూలవచ్చు. అలాగని అవసరానికి మించిన ఇంజను మేలు చేయదు. బరువు పెరిగిన విమానం దిగేటపుడు ఎక్కువ వేగంతో దిగవలసి వస్తుంది. వేగం హద్దు మీరితే రెక్కల అంచులలోని కదిలే పలకలు అదుపు లేకుండా కంపించి విరిగిపోతాయి. దీనిని ఫ్లట్టర్ అంటారు.

బరువు మరియు సమతూకం

ఇంజను బరువును గురుత్వ కేంద్రంతో కలిపి ఆలోచించాలి. గురుత్వ కేంద్రానికి 100 సెంటీమీటర్లు వెనుక తోక వద్ద 100 గ్రాములు పెరిగితే, ముందు 25 సెంటీమీటర్ల దూరంలో 400 గ్రాములు పెంచవలసి వస్తుంది. మొదటి ప్రపంచ యుద్ధం నాటి సాప్‌విత్ క్యామెల్ వంటి పొట్టి ముక్కు విమానాల నమూనాలలో తరచు సీసం కట్టవలసి రావడానికి కారణం ఇదే. అటువంటి చోట బరువైన ఇంజనే మేలు, ఎందుకనగా వృథాగా మోయవలసిన సీసం తగ్గుతుంది. పొడవైన ముక్కు గల విమానానికి తేలికైన ఇంజను నప్పుతుంది.

ప్రొపెల్లరు, చప్పుడు, చల్లదనం

22 అంగుళాల ప్రొపెల్లరు నిమిషానికి 6,800 సార్లు తిరిగితే దాని కొన సెకనుకు సుమారు 199 మీటర్ల వేగంతో పోతుంది. కొన వేగం ధ్వని వేగానికి దగ్గరయ్యే కొద్దీ చప్పుడు బాగా పెరుగుతుంది. అందువలన పెద్ద ప్రొపెల్లరును నెమ్మదిగా తిప్పగల ఇంజను ఊళ్ళకు దగ్గరలోని మైదానాలకు అనుకూలం.

ఇంజనును కప్పే మూతలోనికి గాలి వచ్చే దారి కంటే బయటకు పోయే దారి రెండు, మూడు రెట్లు పెద్దదిగా ఉండాలి. లేనియెడల వేడిగాలి లోపలే నిలిచి ఇంజను ఆగిపోతుంది.

ఇంధనం విషయంలో జాగ్రత్తలు

రెండు స్ట్రోకుల పెట్రోలు ఇంజనులో నూనెను ఇంధనంలోనే కలుపుతారు. 40:1 నిష్పత్తిలో లీటరు పెట్రోలుకు 25 మిల్లీలీటర్ల నూనె అవసరం. నిష్పత్తి విషయంలో తయారీదారు సూచననే పాటించాలి. భారతదేశంలో 2025 నాటికి పెట్రోలులో 20 శాతం వరకు ఇథనాల్ కలపడం జరిగింది. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, కొన్ని రకాల రబ్బరు భాగాలను ఉబ్బిస్తుంది, ఇంధన మిశ్రమాన్ని పలుచన చేసి ఇంజను వేడిని పెంచుతుంది. కావున కార్బురేటరును సరిచూసుకొని, ఆట ముగిసిన తరువాత ట్యాంకును ఖాళీ చేయడం మంచిది. గ్లో ఇంధనానికి వాడే సిలికోన్ గొట్టాలు పెట్రోలుకు పనికిరావు, అవి ఉబ్బి చెడిపోతాయి. మిథనాల్ విషపదార్థం. కల్తీ సారా దుర్ఘటనలలో చూపును, ప్రాణాలను హరించేది తరచు ఇదే. కావున దీనిని పిల్లలకు అందకుండా, పేరు రాసిన డబ్బాలో ఉంచాలి.

భద్రత

పెద్ద ఇంజను ప్రొపెల్లరు చేతి వేళ్ళను తెగగొట్టగలదు. ఇంజను నడిపేటపుడు విమానాన్ని మరొకరు గట్టిగా పట్టుకోవాలి. ప్రొపెల్లరు తిరిగే తలంలో ఎవరూ నిలబడరాదు. పెట్రోలు ఇంజనుకు జ్వలనను దూరం నుండి ఆపే మీట తప్పనిసరి. జ్వలన పరికరాన్ని రేడియో రిసీవరుకు దూరంగా అమర్చాలి, రెండింటికీ వేరువేరు బ్యాటరీలు వాడాలి. భారతదేశపు డ్రోన్ నియమావళి, 2021 ప్రకారం వినోదానికి, విద్యకు వాడే నమూనా విమానం మొత్తం బరువు 25 కిలోలు మించరాదు, దానిని కంటికి కనబడే దూరంలోనే నడపాలి.

మొత్తం మీద ముందుగా విమానాన్ని, అది ఎగిరే తీరును, ఎగరేసే మైదానాన్ని నిర్ణయించుకొని, ఆ తరువాతనే ఇంజనును ఎంచుకొనుట సరైన క్రమం. చేతిలో ఉన్న ఇంజనుకు విమానాన్ని సర్దడం కంటే ఇది చౌక, క్షేమకరం కూడా.